ఇనుముకన్న బరువైన స్ఫటికం

బాలలూ, పటికబెల్లం ముక్కను నోట్లో వేసుకునే ముందు ఎప్పుడైనా వెలుతురుకు ఎత్తి చూశారా? మంచి ముక్క అయితే దానిలోనుంచి అవతలి వస్తువులు కనిపిస్తాయి. అటువంటి పటికబెల్లాన్ని జానెడు పొడుగున, రెండు వేళ్ళ వెడల్పున, నాలుగు పలకలుగా చెక్కి నున్నగా సానపట్టారనుకోండి. తూస్తే అది పావుకిలో ఉండదు.

ఇప్పుడు నేను చెప్పబోయే స్ఫటికం కూడా సరిగ్గా అంతే ఉంటుంది. జానెడు, అంటే 23 సెంటిమీటర్ల పొడుగు. నీళ్ళలాగా తేటగా ఉంటుంది. కాని దాన్ని మీ అరచేతిలో పెడితే చెయ్యి కిందికి వాలిపోతుంది. అది కిలోకు పైగా తూగుతుంది! అంతే పరిమాణం గల ఇనపముక్క దానికన్న తేలిక. ఇనుము నీటికన్న 7.9 రెట్లు బరువైతే ఈ స్ఫటికం 8.28 రెట్లు బరువు.

దాని పేరు లెడ్ టంగ్‌స్టేట్. సీసమూ, టంగ్‌స్టన్ అనే లోహమూ, ప్రాణవాయువూ కలిసి ఏర్పడిన పదార్థమది. పాతరకం కరెంటు బల్బులలో కాలి వెలిగే సన్నని తీగ టంగ్‌స్టన్‌తో చేసినదే. ఈ స్ఫటికంలో నూటికి 86 పాళ్ళు లోహమే.

"సీసపు రేకులోనుంచి చూస్తే ఏమీ కనిపించదు గదా, మరి ఇది తేటగా ఎలా ఉన్నది?" అని మీరు అడగవచ్చు. లోహాలలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ పరమాణువుకూ కట్టుబడక విచ్చలవిడిగా తిరుగుతూ ఉంటాయి. వెలుతురును లోపలికి పోనివ్వకుండా వెనక్కు కొట్టేవి అవే. స్ఫటికంలో ఆ తిరుగుబోతు ఎలక్ట్రాన్లను ప్రాణవాయువు పట్టి కట్టేసింది. అందుచేత వెలుతురుకు దారి దొరికింది. మీరు రోజూ తినే ఉప్పు సంగతీ ఇంతే. అందులో సోడియం అనే లోహం ఉన్నా ఉప్పుగల్లు తేటగానే ఉంటుంది.

ఇంత బరువైన స్ఫటికంతో ఎవరికి ఏం పని?

మన కంటికి కనిపించే వెలుతురూ, ఎక్స్‌రే కిరణాలూ, గామా కిరణాలూ ఒకే కుటుంబానికి చెందినవి. తేడా అల్లా శక్తిలోనే. గామా కిరణాల శక్తి చాలా ఎక్కువ. అవి కంటికి కనిపించవు. ఒంటికి తగిలినా తగిలినట్టు తెలియదు. గోడలలోనుంచి కూడా దూసుకుపోగలవు. ఇటువంటి దాన్ని పట్టుకోవటం ఎలా? పట్టుకుని, దాని బలమెంతో కొలవటం ఎలా?

కొన్ని పదార్థాలకు ఒక చిత్రమైన గుణమున్నది. శక్తి గల కిరణం తగిలితే చాలు, అవి మిణుగురుపురుగులాగా తళుక్కుమంటాయి. వీటిని సింటిలేటర్లు అంటారు. ఇంగ్లండులో విలియం క్రూక్స్ అనే శాస్త్రవేత్త 1903లో ఒక చిన్న గొట్టం తయారుచేశాడు. దాని అడుగున జింక్ సల్ఫైడ్ పూసిన తెర, తెరకు ఎదురుగా పిసరంత రేడియం, పైన భూతద్దం. చీకటిలో కన్ను ఆనించి చూస్తే తెరమీద నక్షత్రాలు పుట్టి ఆరిపోతున్నట్టు మెరుపులు కనిపించేవి. రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు 1909లో ఇలాంటి మెరుపులనే ఒక్కొక్కటిగా కళ్ళతో లెక్కపెట్టారు. ముందు చాలాసేపు చీకటిలో కూర్చుని కళ్ళను అలవాటు చేసుకోవాలి. తరవాత రెప్ప వెయ్యకుండా లెక్కపెట్టాలి. పరమాణువు నడుమ కేంద్రకం ఉన్నదని రూథర్‌ఫర్డ్ తెలుసుకున్నది ఆ లెక్కల ఆధారంతోనే.

మనిషి కన్ను ఎంతసేపని ఓపిక పట్టగలదు? 1944 ప్రాంతంలో కంటికి బదులు ఫోటోమల్టిప్లయర్ అనే గొట్టాన్ని పెట్టటం మొదలైంది. అతి చిన్న మెరుపును కూడా అది విద్యుత్తుగా మార్చి కొలిచే ఏర్పాటు చేస్తుంది. దానితో మెరిసే పదార్థాలకు గిరాకీ వచ్చింది. 1947లో బెర్లిన్‌లో కాల్‌మన్ అనే ఆయన ఏం వాడాడో తెలుసా? నాఫ్తలీన్! అంటే మీ అమ్మ బట్టలపెట్టెలో వేసే కలరా ఉండల సరుకే. అది చాలా త్వరగా మెరిసి ఆరిపోతుంది. కాని మహా తేలిక పదార్థం. గామా కిరణాలు అందులోనుంచి చాలావరకు పట్టుబడకుండా సాగిపోతాయి. మర్నాటి ఏడు, 1948లో, అమెరికాలో హాఫ్‌స్టాటర్ అనే ఆయన సోడియం అయొడైడ్ స్ఫటికంలో కొద్దిపాటి థాలియం కలిపి చూశాడు. అది దేదీప్యమానంగా వెలిగింది. ఈనాటికీ దాన్ని వాడుతూనే ఉన్నారు. దానికి ఒక్కటే జబ్బు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అదీ చెమ్మగిల్లి పాడైపోతుంది. అందుకని దాన్ని గాలి చొరని డబ్బాలో బిగించి ఉంచుతారు.

బరువు ఎందుకు కావాలో ఇప్పుడు చూద్దాం. మంచి శక్తి గల గామా కిరణం ఒక బరువైన కేంద్రకం పక్కగా పోతే, కిరణం మాయమై దాని స్థానంలో ఒక ఎలక్ట్రానూ, దానికి జోడీ అయిన పాజిట్రానూ పుడతాయి. ఇవి కాస్త దూరం పోయి మరి కొన్ని గామా కిరణాలను వదులుతాయి. ఆ కిరణాలు మళ్ళీ జంటలవుతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, చివరికి ఒక పెద్ద జల్లు అవుతుంది. శక్తి పంచుకుపోయినకొద్దీ ఒక్కొక్కదాని వాటా తగ్గుతుంది. ఆఖరుకు అదంతా స్ఫటికంలోనే ఇంకిపోయి మెరుపుగా బయటపడుతుంది. మెరుపు ఎంత పెద్దదో కొలిస్తే కిరణం శక్తి ఎంతో తెలిసిపోతుంది. అయితే జల్లు అంతా స్ఫటికంలోపలనే ముగియాలి. కొంత బయటికి పోయిందంటే లెక్క తప్పుతుంది. బరువైన పరమాణువులు ఒత్తుగా ఉన్న చోట జల్లు త్వరగా ముగుస్తుంది. లెడ్ టంగ్‌స్టేట్‌లో 23 సెంటిమీటర్లలో ముగిసే జల్లుకు సోడియం అయొడైడ్‌లో ఇంచుమించు 67 సెంటిమీటర్లు కావాలి.

"పోనీ, 67 సెంటిమీటర్ల స్ఫటికమే పెట్టుకోరాదా?" అంటారేమో! అందుకు చోటు లేకనే ఈ కథ అంతా వచ్చింది.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో, జెనీవా నగరం పక్కన సెర్న్ అనే పరిశోధనా సంస్థ ఉన్నది. అక్కడ నేలకు సుమారు నూరు మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తారు. ఆ తాకిడిలో పుట్టే కణాలను పరీక్షించటానికి కట్టిన పెద్ద యంత్రాలలో సీ.ఎం.ఎస్. ఒకటి. దాని నడుమ 6 మీటర్ల వ్యాసం గల పెద్ద అయస్కాంతపు చుట్ట ఉన్నది. గామా కిరణాలను కొలిచే స్ఫటికాలు ఆ చుట్ట లోపలనే ఇమడాలి. అక్కడ ఇంకా ఎన్నో పరికరాలుండాలి. చుట్టను పెద్దది చేద్దామంటే ఖర్చు ఆకాశాన్ని అంటుతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. అక్కడ ప్రోటాన్ల గుంపులు ఒక దానినొకటి దాటేది ఎంతసేపటికొకసారో తెలుసా? 25 నానోసెకండ్లకు ఒకసారి! సెకనును వందకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోసెకండు. 25 నానోసెకండ్లలో వెలుతురు కూడా ఏడున్నర మీటర్లు మించి పోలేదు. సోడియం అయొడైడ్ మెరుపు తగ్గటానికి 230 నానోసెకండ్లు పడుతుంది. అంటే ఒక మెరుపు ఆరేలోపల తొమ్మిది కొత్త తాకిడులు వచ్చి మీద పడతాయి. ఏ వెలుతురు దేనిదో ఎవరు చెప్పగలరు? బిస్మత్ జర్మనేట్ అనే మరో బరువైన స్ఫటికం ఉన్నది. అదే సొరంగంలో 1989లో పనిచెయ్యటం మొదలుపెట్టిన పాత యంత్రంలో దానివి ఇంచుమించు 11 వేల స్ఫటికాలు వాడారు. అప్పట్లో తాకిడులు నిదానంగా జరిగేవి గనక సరిపోయింది. దాని మెరుపు ఆరటానికి 300 నానోసెకండ్లు కావాలి. కొత్త యంత్రానికి అది పనికిరాదు.

అందుచేత 1994లో సీ.ఎం.ఎస్. శాస్త్రజ్ఞులు లెడ్ టంగ్‌స్టేట్‌ను ఎంచుకున్నారు. అది బరువైనది. దాని మెరుపులో నూటికి 80 పాళ్ళు 25 నానోసెకండ్లలోపల వచ్చేస్తుంది. చెమ్మకు చెడదు. ఇన్ని సుగుణాలున్న దానికి ఒక లోపం ఉన్నది. దాని వెలుతురు బొత్తిగా తక్కువ!

ఎంత తక్కువో ఒక లెక్క చూడండి. ఒక వోల్టు బాటరీ ఒక ఎలక్ట్రాన్‌కు ఇచ్చే శక్తిని ఎలక్ట్రాన్‌వోల్టు అంటారు. పది లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి పడితే సోడియం అయొడైడ్ నలభై వేలకు దగ్గరగా వెలుతురు కణాలను విడుస్తుంది. వీటినే ఫోటాన్లు అంటారు. లెడ్ టంగ్‌స్టేట్ విడిచేవి సుమారు నూరు! అందులోనూ కొలిచే పరికరానికి చిక్కేవి నాలుగో, అయిదో. దీపావళి మతాబా పక్కన అగ్గిపుల్ల పెట్టినట్టన్నమాట.

మరి తెలిసి తెలిసి దీన్నెందుకు ఎంచుకున్నట్టు? ఎందుకంటే అక్కడ వచ్చే గామా కిరణాల శక్తి లక్షలలో కాదు, వేలకోట్లలో ఉంటుంది. 6,000 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణం వచ్చి పడితే, పది లక్షలకు నాలుగేసి చొప్పున చిక్కినా మొత్తం రెండు లక్షలు దాటుతాయి. ఆ లెక్కలో పెద్ద పొరపాటు రావటానికి వీల్లేదు. కోటీశ్వరుడు రూపాయికి పైసా దానం చేసినా అది పెద్ద మొత్తమే గదా!

మామూలు ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు అంత బలమైన అయస్కాంతం దగ్గర పనిచెయ్యవు. అందుకని నడిమి భాగపు స్ఫటికాల వెనక గోరంత సిలికాన్ బిళ్ళలు అంటించారు. ఆ కొద్ది వెలుతురుకు పుట్టిన ఎలక్ట్రాన్లను అవే అనేక రెట్లు చేసి పంపుతాయి.

అసలు గండం మరొకటి. ఈ స్ఫటికాలు తాకిడుల పక్కనే ఏళ్ళ తరబడి ఉండాలి. పగలనక రాత్రనక కిరణాలు వాటిని కొడుతూనే ఉంటాయి. ఆ దెబ్బలకు మొదటి స్ఫటికాలు పసుపుపచ్చబారటం మొదలుపెట్టాయి. స్ఫటికంలో పరమాణువులు బడి ప్రార్థనకు నిలబడ్డ పిల్లలలాగా వరసలు తీరి ఉంటాయి. అక్కడక్కడా ఒక పరమాణువు లేక వరసలో ఖాళీ ఉంటే, చెదిరిన ఎలక్ట్రాన్లు అందులో చిక్కుకుని నీలి వెలుతురును మింగేస్తాయి. ఈ స్ఫటికం మెరుపు నీలిరంగుదే! మెరిసేది అదే, మింగేదీ అదే అన్నమాట. అసలే తక్కువ వెలుతురు. అదికాస్తా దారిలోనే పోతే అంత యంత్రమూ గుడ్డిదవుతుంది. స్ఫటికాలను ఒకసారి అమర్చాక ఊడదీసి మార్చటం తేలిక కాదు.

దీనికి మందు కనిపెట్టటానికి కొన్నేళ్ళు పట్టింది. ముడిసరుకులను ఎంతో శుభ్రం చేశారు. వరసలలో ఖాళీలు తగ్గేటట్టు నియోబియం, యిట్రియం అనే మూలకాలను లవలేశం కలిపారు. కూరలో ఇంగువ వేసినట్టు, తగుమాత్రం పడితే గుణం, ఎక్కువైతే చెడుపు. దానితో పసుపుపచ్చబారటం చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అందుచేత ప్రతి స్ఫటికానికీ ఒక సన్నని గాజుపోగు తగిలించి, దానిగుండా మాటిమాటికీ లేజరు వెలుతురును పంపి, ఎంత అవతలికి వచ్చిందో చూస్తారు. రోగి నాడి చూసినట్టే! ఫలానా స్ఫటికం ఈ పూట నూటికి ఇంత మసకబారిందని తెలిస్తే, దాని మెరుపు లెక్కను ఆ మేరకు సరిదిద్దుకుంటారు. తాకిడులు లేని వేళల్లో స్ఫటికాలు వాటంతట అవే కొంత తేరుకుంటాయి కూడానూ.

స్ఫటికాలను ఎలా పెంచుతారో చెప్పలేదు గదూ? పటికబెల్లం చేసేవాళ్ళు చక్కెర పాకంలో దారం వేలాడదీస్తారు. దారం మీద పలుకులు కట్టి క్రమంగా పెద్దవవుతాయి. ఇదీ కొంచెం అలాంటిదే. 1916లో బెర్లిన్‌లో పనిచేస్తున్న చొక్రాల్‌స్కీ అనే పోలండు శాస్త్రవేత్త ఏదో ఆలోచనలో పడి కలాన్ని సిరాబుడ్డిలో ముంచబోయి, పక్కనే కరిగి ఉన్న తగరంలో ముంచాడట. తీసి చూస్తే పాళీ చివర సన్నని తగరపు తీగ వేలాడుతున్నది. పరీక్షించగా ఆ తీగ అంతా ఒకే స్ఫటికమని తేలింది. ఈ కథలో ఎంత నిజమున్నా, పద్ధతి మటుకు ఆయన పేరుమీదనే చలామణీ అవుతున్నది. లెడ్ టంగ్‌స్టేట్‌ను ప్లాటినం మూసలో 1,100 డిగ్రీలు దాటేదాకా కాచి కరిగిస్తారు. ఒక చిన్న స్ఫటికపు తునకను దానికి తాకించి, తిప్పుతూ తిప్పుతూ, నిదానంగా పైకి లాగుతారు. కరిగినది తునకకు పట్టుకుని గట్టిపడుతూ పైకి వస్తుంది. ఒక్కొక్క స్ఫటికం పెరగటానికి ఇంచుమించు రెండు రోజులు. తొందరపడి లాగితే లోపల మసక చేరుతుంది. వేడి ఒక్కసారిగా తగ్గిస్తే ఫెళ్ళున పగులుతుంది.

కావలసినవి ఎన్నో తెలుసా? 75,848! అందులో ఎక్కువ భాగం రష్యాలో, మాస్కోకు దక్షిణాన ఉన్న బొగొరోదిత్స్క్ పట్టణంలో తయారైనవి. మిగిలినవి చైనాలో షాంఘై నగరంలో పెంచారు. నడిమి భాగానికి 61,200, రెండు కొసల మూతలకు 14,648. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండవు. నడిమి భాగంలోనే 17 రకాల ఆకారాలున్నాయి. ప్రతి దానికీ చెప్పులజతలాగా ఎడమదీ, కుడిదీ ఉంటాయి. అన్నిటి ముఖాలూ తాకిడి జరిగే చోటివైపే తిరిగి ఉంటాయి. అయితే సూటిగా కాదు, ఏ కిరణమూ రెండు స్ఫటికాల సందులోనుంచి జారిపోకుండా ఓరగా పేర్చారు. ఉత్పత్తికి ఇంచుమించు పదేళ్ళు పట్టి, చివరి స్ఫటికం 2008 మార్చిలో చేరింది. మొత్తం బరువు 90 టన్నులు.

అదంతా దేనికంటే, హిగ్స్ కణం అనే దానికోసం. అది ఉండి తీరాలని శాస్త్రజ్ఞులు 1964లోనే ఊహించారు గాని ఎవరికీ చిక్కలేదు. కొన్ని వందలకోట్ల తాకిడులకు ఒకటి చొప్పున పుడుతుంది, పుట్టీ పుట్టగానే విడిపోతుంది. విడిపోయేటప్పుడు వెయ్యింట రెండుసార్లు మాత్రం రెండు గామా కిరణాలుగా మారుతుంది. ఆ రెండిటి శక్తినీ, దిశలనూ సరిగా కొలిస్తే తల్లికణం బరువు తెలుస్తుంది. కొలతలో పొరపాటు నూటికి ఒక పాలు అటూ ఇటూగానే ఉండాలి. లేకపోతే మామూలు గామా కిరణాల గుంపులో దాన్ని పోల్చుకోలేరు. 2012 జూలై 4న హిగ్స్ కణం దొరికిందని సెర్న్ ప్రకటించినప్పుడు, సీ.ఎం.ఎస్. చూపిన ముఖ్యమైన సాక్ష్యాలలో ఈ స్ఫటికాలు పట్టిన జంట కిరణాలు ఒకటి.

ఇంత గొప్ప స్ఫటికాన్ని ఆస్పత్రికి తీసుకుపోతే ఎందుకూ కొరగాదు! పెద్ద ఆస్పత్రులలో పెట్ స్కాన్ అనే పరీక్ష చేస్తారు. అక్కడ రోగి శరీరంలోనుంచి వచ్చే గామా కిరణాల శక్తి 5,11,000 ఎలక్ట్రాన్‌వోల్టులే. దానికి లెడ్ టంగ్‌స్టేట్‌లో చిక్కే వెలుతురు కణాలు రెండు. రెండిటితో ఏం లెక్క కడతారు? అందుకని అక్కడ లుటీషియం కలిసిన వేరే స్ఫటికాలు వాడతారు. అవీ బరువైనవే, నీటికన్న 7.4 రెట్లు. వెలుతురు మాత్రం దీనికన్న కొన్ని వందల రెట్లు ఎక్కువ. చమురు బావులను శోధించే ఒక కంపెనీలో పనిచేసే శాస్త్రజ్ఞుడు దాన్ని కనిపెట్టాడు. భూమి పొరలలో ఏమున్నదో తెలుసుకోవటానికి బావిలోకి సింటిలేటర్లను దించే అలవాటు ఆ వ్యాపారంలో ఉన్నది. మన కోనసీమలో చమురూ గ్యాసూ కోసం తవ్వే బావులలో కూడా గామా కిరణాలను కొలిచే పరికరాలు దిగుతాయి.

సెర్న్ యంత్రంలో తాకిడుల జోరు ఇంకా పెంచబోతున్నారు. రెండు కొసల మూతలలో ఉన్న స్ఫటికాలకు దెబ్బ ఎక్కువ తగిలింది గనక వాటిని తీసేసి సిలికాన్ పరికరాలు పెట్టాలని నిర్ణయించారు. నడిమి భాగపు 61,200 మాత్రం అక్కడే ఉంటాయి. ఇన్నాళ్ళూ వాటిని 18 డిగ్రీల చల్లదనంలో ఉంచారు. ఇకముందు 9 డిగ్రీలకు దించుతారు. చలికి వాటి వెనకనున్న సిలికాన్ బిళ్ళల గోల కాస్త తగ్గి, ఆ కొద్దిపాటి నీలి మెరుపు మరి కొన్నేళ్ళు స్పష్టంగా అందుతుందని వాళ్ళ లెక్క.